పాత డైరీలో ఉన్నది నేనేనా? మారిపోయిన మనిషి అదే మనిషి అవుతాడా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీకిప్పుడు 34 ఏళ్ళు. సామాన్లు సర్దుతుంటే 21 ఏళ్ళప్పటి డైరీ దొరికింది. చదువుతుంటే ఎవరో పరాయి మనిషి రాసుకున్నది దొంగచాటుగా చదువుతున్నట్టు అనిపించింది. అందులోని నమ్మకాలు, కోపాలు, ఆశలు ఏవీ ఇప్పుడు మీవి కావు. ఒక్కచోట మాత్రం, "తమ్ముడితో మాట్లాడి మూడు వారాలైంది, తప్పు నాదే" అన్న వాక్యం దగ్గర ఆగిపోయానని రాశారు. దానికి తోడు పాత స్నేహితులు "నువ్వు మునుపటి మనిషివి కావు" అన్నారట. అప్పటినుంచి అసలైన నేను ఏది, అప్పటిదా ఇప్పటిదా, ఇంకో పదేళ్ళకి ఇప్పటి నేను కూడా మాయమైపోతానా అని టెన్షన్. డైరీ చింపేయనా అని కూడా అడిగారు.

నేను 22 ఏళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. "నేను నేనులా లేను" అన్న మాట ఏ వారమూ వినకుండా గడవదు. కాబట్టి తత్వశాస్త్రం కొంచెమే చెప్పి, చూసినదాంట్లోంచి ఎక్కువ చెప్తాను.

సూటిగా జవాబు: ఆ డైరీ రాసింది మీరే, చదివి ఉలిక్కిపడిందీ మీరే. ఇద్దరిలో ఎవరూ నకిలీ కాదు. మీ లోపల ఏమాత్రం మారని గట్టి గింజ ఏదో మిగిలి ఉందని ఈ మాట అనడం లేదు. అక్కడినుంచి ఇక్కడిదాకా మధ్యలో తెగకుండా వచ్చారు, అందుకని అంటున్నాను. నా అనుభవంలో మనిషిని కుంగదీసేది మార్పు కాదు, తెగిపోవడం. ఈ రెండింటినీ ఒకటే అనుకుని జనం చాలా బాధపడతారు.

మన భాషలో రెండు మాటలున్నాయి, ఒకరే, ఒకేలా. "ఇద్దరూ ఒకేలా ఉన్నారు" అని కవలల గురించి అంటాం, అంతమాత్రాన వాళ్ళు ఒకరే కారు. అలాగే చిన్నప్పటి ఫొటోలో ఉన్నదీ మీరూ ఒకేలా లేరు, అయినా ఒకరే. మీ స్నేహితులు అన్నది "ఒకేలా లేవు" అని. మీరు విన్నది "ఒకరు కారు" అని. మీ టెన్షన్‌లో సగం ఈ జారిపోవడంలోంచే వచ్చిందని నేననుకుంటున్నాను.

ఇది కొత్త ప్రశ్న కూడా కాదు. మిలిందపన్హ అనే పాత పాళీ గ్రంథంలో మిలిందుడనే రాజు నాగసేనుడనే భిక్షువుని దాదాపు ఇదే అడుగుతాడు, పుట్టినవాడూ పెరిగినవాడూ ఒకడేనా, వేరా అని. నాగసేనుడు రాత్రంతా వెలిగే దీపాన్ని చూపిస్తాడు. మొదటి జాములో ఉన్న మంటా చివరి జాములో ఉన్న మంటా ఒకటేనా? కాదు. పోనీ వేరే దీపమా? అదీ కాదు. ఆ దీపాన్ని ఆనుకునే వెలుగు రాత్రంతా సాగింది. ఈ పోలిక నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, విన్నవాళ్ళలో చాలామంది ఒక్క క్షణం ఊపిరి తీసుకుని కూర్చుంటారు.

ఇక మారడం గురించి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటారు. నేను దీన్ని ఒప్పుకోను, పరిశోధన కూడా పూర్తిగా ఒప్పుకోదు. ఒకే మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించిన 92 అధ్యయనాలని కలిపి 2006లో ఒక విశ్లేషణ వచ్చింది. వయసుతో పాటు జనం సగటున బాధ్యతగా, మనసు కుదురుగా ఉండేవైపు జరుగుతారని, ఈ మార్పు ఎక్కువగా 20కీ 40కీ మధ్య జరుగుతుందని అందులో తేలింది. మీ డైరీ 21లోది, మీకిప్పుడు 34. అంటే మనిషి స్వభావం బాగా కదిలే కాలంలో రెండు చివర్లు పట్టుకుని పోల్చి చూస్తున్నారు, తేడా కనిపించకపోతేనే ఆశ్చర్యం.

ఇంకా దూరం వెళ్తే, స్కాట్లండ్‌లో 14 ఏళ్ళ పిల్లల స్వభావాన్ని 1950లో టీచర్లు అంచనా వేశారు. వాళ్ళలో 174 మందిని 77 ఏళ్ళ వయసులో మళ్ళీ పరిశీలిస్తే, అప్పటి అంచనాలకీ ఇప్పటివాటికీ పొంతన దాదాపు లేదు. చిన్న గుంపు, పైగా అప్పుడు అంచనా వేసినవాళ్ళు వేరు ఇప్పుడు వేసినవాళ్ళు వేరు, కాబట్టి దాన్నే పట్టుకుని స్వభావం మొత్తం చెరిగిపోతుంది అని నేను అనను. ఏటికేడు చూస్తే మనిషి మారినట్టే కనిపించడు. అరవై ఏళ్ళు కలిపి చూస్తే మాత్రం చాలా దూరం వచ్చేసి ఉంటాడు.

శరీరం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఏడేళ్ళకోసారి ఒళ్ళంతా కొత్తదైపోతుందని చెప్పుకునే మాట నిజం కాదు. పేగు లోపలి పొర కొద్ది రోజుల్లో మారిపోతుంది, ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు ఉంటుంది, మెదడు పైపొరలోని న్యూరాన్లు మాత్రం చాలావరకు మీ వయసువే. కానీ కణాలు లెక్కపెట్టి "నేను" ఎక్కడుందో తేల్చలేం, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

జ్ఞాపకం దగ్గర మాత్రం ఆగాలి. గుర్తింపు అన్న మాటలోనే గుర్తు ఉంది చూడండి. గుర్తుండటం నా పని, గుర్తుపట్టడం ఎదుటివాళ్ళ పని, ఈ రెండూ కలిస్తేనే గుర్తింపు. మీ విషయంలో రెండూ ఒకేసారి కదిలాయి, డైరీలో మిమ్మల్ని మీరు గుర్తుపట్టలేదు, స్నేహితులు మీలో పాత మనిషిని గుర్తుపట్టలేదు.

జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1694లో తన పుస్తకం రెండో కూర్పులో ఈ విషయం మీద ఒక అధ్యాయం కలిపాడు. గతంలో చేసిన పనిని "నేను చేశాను" అని ఎరుక ఎంత వెనక్కి అందుకోగలిగితే అంతవరకూ ఆ మనిషి అదే మనిషి అన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1785లో థామస్ రీడ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త ఒక చిక్కు చూపించాడు. ఒక కుర్రాడు తోటలో పళ్ళు దొంగిలించి దెబ్బలు తిన్నాడు, పెద్దయ్యాక ఆఫీసరై యుద్ధంలో శత్రువు జెండా లాక్కున్నాడు, ఆ తర్వాత జనరల్ అయ్యాడు. ఆఫీసర్‌కి ఆ దెబ్బలు గుర్తున్నాయి. జనరల్‌కి జెండా గుర్తుంది, దెబ్బలు మర్చిపోయాడు. మరి జనరల్ ఆ కుర్రాడు కాడా? లాక్ లెక్క ప్రకారం కాడు, మామూలుగా ఆలోచిస్తే ఎందుకు కాడు! కాబట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నేరుగా జ్ఞాపకం ఉండాల్సిన పనిలేదు, గొలుసులో ప్రతి లింకూ దాని పక్క లింకుని పట్టుకుని ఉంటే చాలు. మీకు 21 నేరుగా అందడం లేదు. కానీ 24 అందుతుంది కదా, ఆ 24కి 21 బాగానే గుర్తుండేది.

పైగా జ్ఞాపకం నమ్మకమైన సాక్షి కూడా కాదు. 1962లో 14 ఏళ్ళ అబ్బాయిల్ని ఇంటి వాతావరణం, తల్లిదండ్రులు, ఇష్టాయిష్టాల గురించి ప్రశ్నలు అడిగారు. వాళ్ళలో 67 మందిని 48 ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచి, అప్పుడు మీరు ఎలా ఉండేవారు అని అడిగితే, వాళ్ళు చెప్పినదానికీ అప్పట్లో నిజంగా ఇచ్చిన జవాబులకీ పొంతన బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే మెరుగ్గా లేదు. ఆరోగ్యంగా, మామూలుగా బతుకుతున్న మనుషులు వాళ్ళు. మనం ఎప్పటికప్పుడు మన కథని ఇప్పటి మనకి సరిపడేట్టు తిరగరాసుకుంటూ ఉంటాం, అది అబద్ధమాడటం కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అది. మీ డైరీ ఆ తిరగరాతకి దొరకని కాగితం, అందుకే అంత గట్టిగా తగిలింది. డైరీ దొరకని వాళ్ళు "నేను ఎప్పుడూ ఇంతే" అనుకుంటూ హాయిగా ఉంటారు, వాళ్ళూ మీ అంతే మారారు.

అసలు జ్ఞాపకమే పోతే? హెన్రీ మోలైసన్ అనే ఆయనకి 1953లో, 27 ఏళ్ళ వయసులో, మూర్ఛ తగ్గించడానికి మెదడుకి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేవరకూ కొత్త సంగతులు ఆయన మనసులో దాదాపు నిలవలేదు. రోజూ చూసే పరిశోధకులు ప్రతిసారీ కొత్తవాళ్ళే. అయినా ఆయన మర్యాద, సౌమ్యం అలాగే ఉన్నాయని దశాబ్దాలపాటు ఆయనతో పనిచేసినవాళ్ళు చెప్పారు. జ్ఞాపకం పెద్ద తాడే, కానీ మనల్ని కట్టి ఉంచే తాడు అదొక్కటే కాదు.

మరి మిగతావి ఏమిటి అంటే, నా వరకు అన్నిటికంటే బలమైనది "అది నేనే చేశాను" అని ఒప్పుకోవడం. ఇది చెప్పాలంటే ఒక కుటుంబం గురించి చెప్పాలి (వివరాలు మార్చాను). ఆయన పదకొండేళ్ళు జూదంలో మునిగి, మానేసి ఆరేళ్ళయింది. మానేసిన మాట నిజం, భార్య కూడా ఒప్పుకుంది. కానీ ఇంట్లో ఎవరైనా పాత సంగతి ఎత్తితే "ఆ మనిషి చచ్చిపోయాడు, వాడి గురించి నన్ను అడగొద్దు" అనేవాడు. ఎక్కడో విని నేర్చుకున్న మాట అది, మానేసిన కొత్తలో ఆయన్ని నిలబెట్టింది కూడా అదే. భార్య ఒకరోజు నా ముందే అంది, "అప్పులు తీర్చింది నేను, అబద్ధాలు నమ్మింది నేను. నేను బతికే ఉన్నాను. వాడు చచ్చిపోతే ఇవన్నీ నేను ఎవరికి చెప్పుకోవాలి?"

ఆయన కోప్పడ్డాడు, రెండు నెలలు రాలేదు. మళ్ళీ వచ్చాక చాలా కాలం పట్టింది. చివరికి ఇంటికెళ్ళి కూతురితో ఒక వాక్యం చెప్పాడు, "నీ కాలేజీ ఫీజు డబ్బు తీసింది నేనే, అప్పటి నేను కాదు, నేను." ఆ అమ్మాయి అప్పటిదాకా తండ్రితో అవసరానికి మించి మాట్లాడేది కాదు. ఆ రోజు గంటసేపు ప్రశ్నలు అడిగిందట, ఏ రోజు తీశావు, ఆ రోజు నాతో ఏం చెప్పావు, నిద్ర పట్టిందా అని. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. ఆ ఇంట్లో నమ్మకం అనేది మళ్ళీ మొలకెత్తింది అక్కడినుంచే. ఆయన మారాడన్నది ఆరేళ్ళ కిందటి వార్త. మారినవాడూ తప్పు చేసినవాడూ ఒకడే అని ఒప్పుకున్నాక గానీ ఆ మార్పు ఇంట్లోవాళ్ళకి అందలేదు. లాక్ కూడా వ్యక్తి అన్నది న్యాయస్థానపు మాట అన్నాడు, అంటే ఎవరి పనికి ఎవరు జవాబు చెప్పాలో తేల్చే మాట. చదువుకునే రోజుల్లో ఆ వాక్యం నాకు పొడిగా అనిపించేది, ఆ తండ్రీ కూతుళ్ళ తర్వాత అలా అనిపించడం లేదు.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. ఒక గాయకుడికి గొంతు ఆపరేషన్ తర్వాత పాట పోయింది. "పాట పోయాక నేను లేను సార్, మిగిలింది వేరే ఎవరో" అనేవాడు. నేను ఆయనకి ధైర్యం చెప్పే మాటలు చెప్పలేదు, చెప్పినా నమ్మడు. కొన్నాళ్ళు ఊరికే గమనించాను. బయట ఎవరి ఫోన్లోనైనా పాట మోగి స్వరం కొంచెం తప్పితే, మాట మధ్యలో ఆగి మొహం చిట్లించేవాడు. తనకి తెలీకుండానే. ఒకరోజు అది ఆయనకే చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. పాడటం పోయింది, చెవి పోలేదు. తర్వాత పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాడు, అయినా పాత దుఃఖం పూర్తిగా పోయిందని చెప్పను, పోవాలని కూడా లేదు. మనం "నేను" అనుకునేది ఎక్కువగా పైకి కనిపించే పని, హోదా, నమ్మకం, రూపం. తెగకుండా వచ్చేది చాలాసార్లు మనం చూసుకోని చోట ఉంటుంది, దేనికి నొచ్చుకుంటాం, దేని దగ్గర ఆగిపోతాం అన్న చోట.

ఇక జాగ్రత్త పడాల్సిన మార్పు గురించి. 2015లో స్ట్రోమింగర్, నికోల్స్ అనే ఇద్దరు పరిశోధకులు మెదడు, నరాల జబ్బులున్నవాళ్ళ కుటుంబాలని అడిగారు, ఈ మనిషి ఇంకా మీకు తెలిసిన అదే మనిషిలా అనిపిస్తున్నారా అని. మతిమరుపు కంటే ఎక్కువగా, దయ, నిజాయితీ లాంటి గుణాలు మారినప్పుడే "ఈయన ఆయన కాదు" అని వాళ్ళకి అనిపించింది. నేను చూసింది కూడా అదే. ఒకావిడ విడాకుల గురించి మాట్లాడటానికి వచ్చింది. భర్తకి 58 ఏళ్ళు. "నేను మెట్ల మీద జారిపడితే నన్ను దాటుకుని వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ ఇలా లేడు" అంది. ఏడాదిన్నరగా మెల్లగా వచ్చిన మార్పు, అందరూ పొగరు అనుకున్నారు. నేను న్యూరాలజిస్ట్ దగ్గరకి పంపాను, పరీక్షల్లో ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అని తేలింది, అంటే మెదడు ముందు, పక్క భాగాలు మెల్లగా దెబ్బతిని స్వభావమే మారిపోయే జబ్బు. జబ్బు తగ్గలేదు, అది తగ్గేది కాదు. కానీ ఆవిడ కోపం ఎటు పోవాలో అటు పోయింది.

అందుకని, సొంత మనిషి స్వభావం కారణం లేకుండా మారినా, ముఖ్యంగా నడివయసు దాటాక జాలి, సిగ్గు, అదుపు తగ్గుతుంటే డాక్టర్‌కి చూపించండి. మీకే ఒళ్ళు మీది కానట్టు, చుట్టూ ఉన్నది నిజం కానట్టు తరచూ అనిపిస్తుంటే, అది తత్వశాస్త్రం ప్రశ్న కాదు, దానికి చికిత్స ఉంది, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. మీరు రాసిన తీరు చూస్తే మీది అలా అనిపించడం లేదు, అయినా చెప్పకుండా వదలలేను.

మెదడుకి దెబ్బ తగిలినా అక్కడితో కథ ఆగదని కూడా చెప్పాలి. 1848లో ఫినియస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. వాడు ఇక గేజ్ కాడు అని స్నేహితులు అన్నారని డాక్టర్ రాశాడు, ఆ మాటే ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత ఆయన చిలీ వెళ్ళి ఏళ్ళ తరబడి గుర్రపు బండ్లు నడిపాడన్న సంగతి అంతగా తిరగలేదు. దారి, ప్రయాణికులు, గుర్రాలు, వేళలు, ఇవన్నీ చూసుకునే ఉద్యోగం అది.

మీ స్నేహితుల మాటకి వస్తాను. "మారిపోయావు" అనేది చాలాసార్లు ఫిర్యాదు కాదు, బెంగ. వాళ్ళ 21 ఏళ్ళ వయసుకి మీరు సాక్షి, మీరు మారితే వాళ్ళకి ఆ సాక్షి పోయినట్టు ఉంటుంది. కానీ ఒక్కోసారి అందులో నిజం ఉంటుంది, కాబట్టి కొట్టిపారేయకండి. ఏం మారింది అని ఒకరినైనా అడగండి. "ఇదివరకులా రాత్రంతా కూర్చోవు" అంటే అది వయసు. "ఇదివరకు ఎవరికైనా బాగోలేకపోతే ముందు నువ్వు వచ్చేదానివి లేదా వచ్చేవాడివి, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తవు" అంటే అది కూర్చుని ఆలోచించాల్సిన మాట. ఇంకొకటి కూడా చూసుకోండి, ఈ మార్పు మీ బతుకులోంచి వచ్చిందా, లేక ఎవరో ఒకరి కోపానికి భయపడి ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చారా. రెండో రకం మార్పుతో వచ్చినవాళ్ళకి నేను "మార్పు సహజం" అని చెప్పను, అలా చెప్తే అన్యాయం.

పదేళ్ళకి ఇప్పటి నేను మాయమైపోతానా అన్నారు. 2013లో 18 నుంచి 68 ఏళ్ళ మధ్యనున్న 19,000 మందికి పైగా జనం మీద చేసిన పరిశోధన ఒకటుంది. గత పదేళ్ళలో ఎంత మారారు అంటే చాలా అన్నారు, రాబోయే పదేళ్ళలో ఎంత మారతారు అంటే కొంచెమే అన్నారు. ఏ వయసువాళ్ళయినా అంతే, ఇక మారాల్సింది అయిపోయింది అనుకునే భ్రమ. మీకు ఆ భ్రమ డైరీ వల్ల చెదిరింది, అందుకే భయం. అవును, 44లో మీరు ఇలా ఉండరు. కానీ ఆ మనిషి మీ అప్పులూ మీ ఆరోగ్యమూ మీ మాటలూ అన్నీ మోసుకుని తిరగాలి, కాబట్టి ఎవరో రాబోయే పరాయి మనిషిలా కాకుండా, మీరు చూసుకోవాల్సిన సొంత మనిషిలా ఆలోచించండి. 21 ఏళ్ళప్పటి మీరు, తెలిసో తెలియకో, మీకు కొంత మేలూ కొంత చేటూ చేసే పంపారు కదా.

డైరీ చింపకండి. ఇద్దరు ముగ్గురు చింపేసి వచ్చినవాళ్ళని చూశాను, సిగ్గు తగ్గలేదు, కాగితం మాత్రం పోయింది. ఇప్పుడు చదవలేకపోతే కట్టి పైన పెట్టేయండి. చదవగలిగితే ఒక పని చేయండి. ఇవాళ్టి తేదీ వేసి, ఆ పేజీలకి ఎదురుగా వేరే కాగితం మీద జవాబు రాయండి, తిట్టకుండా, మీకంటే చిన్నవాళ్ళకి రాసినట్టు. నమ్మకాలు మారిన పేజీలు వదిలేయండి, వాటి మీద వాదించి లాభం లేదు. తమ్ముడి గురించిన ఆ వాక్యం నుంచి మొదలుపెట్టండి, అన్ని పేజీల్లో అక్కడే ఎందుకు ఆగిపోయారో రాయండి. తమ్ముడితో ఇప్పుడు మాటలున్నాయో లేవో మీరు చెప్పలేదు. చెప్పాలనిపిస్తే రాయండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.